తెలుగు వ్యాసానికి తూము తెరుద్దాం!

చల్లపల్లి, ఘంటసాల, మొవ్వ, మోపిదేవి, అవనిగడ్డ పాఠకులకు విజ్ఞప్తి



పొద్దున లేస్తూనే ఫోను అందుకుంటున్నాం. రాత్రి కళ్ళు మూతలు పడేదాకా పక్కన పెట్టడం లేదు. పుస్తకం అంటే ప్రాణం పెట్టేవాళ్ళం కూడా ఇంతే. రోజంతా వేలితో తోసుకుంటూ పోయినవాటిలో, అరగంట కదలకుండా కూర్చోబెట్టి చదివించిన తెలుగు వ్యాసం ఒక్కటైనా ఉందా? ఎవరికి వాళ్ళం ఈ ప్రశ్న వేసుకుందాం.

అలాంటివి రాసేవాళ్ళు లేరనుకుంటే పొరపాటు. ‘ఈమాట’ పత్రిక 1998 నుంచి ఇంటర్నెట్టులో పెద్ద పెద్ద కథలు, వ్యాసాలు వేస్తూనే ఉంది. ‘పుస్తకం.నెట్’ 2009 నుంచి పుస్తకాల మీద రాయిస్తోంది. సొంత సైటు పెట్టుకుని, ఎవరూ డబ్బివ్వకపోయినా, రెండు వేల మాటలు మూడు వేల మాటలు ఓపికగా రాసే తెలుగువాళ్ళు ఊరూరా ఉన్నారు. చదవడానికి పైసా ఖర్చు లేదు. అక్కడ రచన ఉంది, ఇక్కడ పాఠకుడున్నాడు, మధ్యలో దారి లేదు. ఆ దారి వేయడానికి చల్లపల్లి చుట్టుపక్కల పాఠకులందరూ కలిసి రావాలని అడగడానికే ఈ కరపత్రం.

దారి ఎందుకు లేదు? మనం రోజూ చూసే యాప్‌లను నడిపే కంపెనీలకు మన చూపు అక్కడే నిలవాలి. ప్రకటనలు అమ్ముకునేది ఆ చూపు మీదే. లింకు నొక్కి మనం బయటి సైటుకు వెళ్ళి అరగంట చదువుకుంటే ఆ అరగంట వాళ్ళకు నష్టం. ఒకప్పటి ట్విటర్‌ని, ఇప్పటి ఎక్స్‌ని కొన్న ఎలాన్ మస్క్ 2024 నవంబరులో, లింకును అసలు పోస్టులో పెట్టకుండా కింద జవాబులో పెట్టుకోమని తానే చెప్పాడు. ఇంతకన్నా రుజువు ఏం కావాలి? ముప్పై సెకన్ల వీడియో పరుగెత్తుకుంటూ వస్తుంది. మూడు వేల మాటల వ్యాసం గుమ్మంలోనే ఆగిపోతుంది.

ఇంకో నష్టం దీనికంటే పెద్దది. ఆ కంపెనీల చోటులో రాసింది మనది కాదు. తెలుగు సాహిత్య చర్చలకు ఒకప్పుడు పేరుపడిన ‘రచ్చబండ’ యాహూ గ్రూపులో ఉండేది. యాహూ గ్రూప్స్‌ను 2020 డిసెంబరులో పూర్తిగా ఎత్తేశారు. గూగుల్ ప్లస్‌ను 2019 ఏప్రిల్లో మూసేశారు. ఫేస్‌బుక్కులో పెద్ద వ్యాసాలు రాసుకోవడానికి ‘నోట్స్’ అనే వసతి ఉండేది. 2020 అక్టోబరుతో కొత్తవి రాయనివ్వడం మానేశారు. మన దేశపు యాప్ అని, తెలుగులో రాసుకోవచ్చని ఎంతోమంది చేరిన ‘కూ’ 2024 జులైలో మూతబడింది. ప్రతిసారీ రాసినవాడు మళ్ళీ మొదటికొచ్చాడు. చదివేవాడికి చిరునామా తెగిపోయింది.

తెలుగువాళ్ళకు ఇంతకన్నా మంచి రోజులు గుర్తున్నాయి. 1990లలో, తెలుగు అక్షరం కంప్యూటరు తెర మీద సరిగా కనిపించని కాలంలో, విదేశాల్లోని మనవాళ్ళు ‘సాక్.కల్చర్.ఇండియన్.తెలుగు’ అనే యూజ్‌నెట్ బృందంలో పద్యాలు, కథలు, వాదోపవాదాలు రాసుకున్నారు. అప్పట్లోనే రైస్ యూనివర్సిటీలో చదువుకుంటున్న తెలుగువాళ్ళు ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు రాసే ‘ఆర్‌టీఎస్’ పద్ధతిని తయారుచేశారు. యూజ్‌నెట్ ఒక కంపెనీ సొత్తు కాదు. ఎన్నో కంప్యూటర్లు ఒకదానికొకటి ఉత్తరాలు అందించుకునే ఏర్పాటు అది. తర్వాత బ్లాగుల కాలం వచ్చింది. 2006 ప్రాంతంలో వీవెన్ గారు తయారుచేసిన ‘లేఖిని’తో తెలుగు టైపు చేయడం, ‘కూడలి’తో తెలుగు బ్లాగులన్నిటినీ ఒక్క చోట చూడడం వీలయ్యాయి. ఎవరి ఇంట్లో వాళ్ళు రాసుకునేవారు, అందరూ కూడలికి వచ్చి చూసుకునేవారు. రచయిత ఇల్లు ఒకచోట, పాఠకులు కలిసే చోటు మరొకచోట. ఈ రెండూ వేరుగా ఉండడమే దాని బలం. బ్లాగుల్లో కొత్త రాతలను ఒక్కచోట చదువుకోనిచ్చే గూగుల్ రీడర్ 2013 జులైలో ఆగిపోవడం, రాసేవాళ్ళు ఒక్కొక్కరే ఫేస్‌బుక్కుకు తరలిపోవడంతో ఆ అలవాటు చెదిరింది. రాత పోలేదు, కలిసే చోటు పోయింది.

ఇప్పుడు ఆ చోటును మళ్ళీ కట్టుకోవడానికి పనిముట్లు వచ్చాయి. మాస్టొడాన్ అనేది 2016లో మొదలైన సోషల్ నెట్‌వర్క్. దానికి ఒక్క యజమాని ఉండడు. వేల సర్వర్లు, ఒక్కోదాన్ని ఒక్కొక్కరు నడుపుతారు. జీమెయిల్ నుంచి యాహూ మెయిల్‌కు ఉత్తరం వెళ్ళినట్టే ఒక సర్వరులో ఉన్నవాళ్ళు మరో సర్వరులో ఉన్నవాళ్ళను అనుసరించవచ్చు, జవాబివ్వచ్చు. వీటన్నిటికీ ఉమ్మడి భాష యాక్టివిటీపబ్. వెబ్ ప్రమాణాలను తేల్చే డబ్ల్యూ3సీ సంస్థ 2018 జనవరిలో దీన్ని ఆమోదించింది. ఈ భాష మాట్లాడేవి మాస్టొడాన్ ఒక్కటే కాదు. పెద్ద వ్యాసాలకే పుట్టిన రైట్‌ఫ్రీలీ ఉంది. వర్డ్‌ప్రెస్ సైటుకు యాక్టివిటీపబ్ ప్లగిన్ పెడితే ఆ సైటే ఒక ఖాతా అయిపోతుంది. మాస్టొడాన్ నుంచి నేరుగా దాన్ని అనుసరించవచ్చు, అక్కడ మనం రాసిన జవాబు వ్యాసం కింద వ్యాఖ్యగా చేరుతుంది. వర్డ్‌ప్రెస్.కామ్‌లో ఉన్నవాళ్ళకు కూడా 2023 అక్టోబరు నుంచి ఈ వసతి ఉంది. బ్లాగులు నడిపే మరో సాఫ్ట్‌వేరు ఘోస్ట్‌లోనూ, 2025 ఆగస్టులో వచ్చిన ఆరో వెర్షన్‌తో ఇది ఉంది. వేరే పద్ధతిలో నడిచే బ్లూస్కై అనే సోషల్ నెట్‌వర్కులో 2023 నుంచి ఎవరి ఫీడు, అంటే ఏరిన పోస్టుల వరుస, వాళ్ళే తయారుచేసి నలుగురికీ ఇవ్వచ్చు.

మరి ఇన్ని ఉండీ తెలుగు వ్యాసం ఎందుకు కనపడడం లేదు? ఇక్కడే మనం అర్థం చేసుకోవాల్సిన కీలకం ఉంది, కాస్త నిదానంగా చదవండి.

మాస్టొడాన్‌లో మన ముందుకు సరుకు తోసే యంత్రం లేదు. ఎవర్ని అనుసరిస్తే వాళ్ళవే, వచ్చిన వరుసలోనే కనిపిస్తాయి. పైగా, ఎక్కడో రాసిన వ్యాసం మన సర్వరుకు తనంతట తాను రాదు. మామూలుగా మన సర్వరులో ఒక్కరైనా ఆ రచయితను అనుసరిస్తేనే ఆ రోజు నుంచి ఆయన రాసేవి ఇక్కడికి వస్తాయి. అప్పుడే ఈ సర్వరులోని మిగతావాళ్ళకు హ్యాష్‌ట్యాగులో, వెతుకులాటలో దొరుకుతాయి. ఒక్కరూ అనుసరించకపోతే, ఎంత గొప్ప వ్యాసమైనా ఇక్కడ వెతికినవాడికి దొరకడం కష్టం. దివిసీమ శివారు రైతుకు ఇది విడమరచి చెప్పనక్కర్లేదు. బ్యారేజీలో నీరు నిండుగా ఉన్నా, పైన ఎవరో ఒకరు తూము ఎత్తితే తప్ప శివారు బోదెకు చుక్క చేరదు. మనలో ఒక్కరు తూము ఎత్తితే ఆ బోదె కింద ఉన్న చేలన్నీ తడుస్తాయి. అంటే కంపెనీ యంత్రం చేసే పనిని ఇక్కడ పాఠకుడే చేయాలి. పాఠకుడు ఊరుకుంటే ఈ నెట్‌వర్కులు తెలుగువాళ్ళకు ఎండిన కాలువలే.

ఇది మనకు చేతకాని పని అనిపిస్తోందా? ఈ కృష్ణా డెల్టాలోనే మన తాతలు ఇంతకన్నా కష్టమైన పని చేశారు. 1914 ఏప్రిల్లో బెజవాడలో, చిలకమర్తి లక్ష్మీనరసింహం గారి అధ్యక్షతన ఆంధ్రదేశపు గ్రంథాలయాలవాళ్ళంతా సభ పెట్టుకున్నారు. దాని వెనక నిలబడి పనిచేసినవాడు అయ్యంకి వెంకటరమణయ్య గారు. ఆ మరుసటి ఏడాదే ‘గ్రంథాలయ సర్వస్వం’ పత్రిక పుట్టింది. ఏ ఊరి గ్రంథాలయం ఆ ఊరిదే, ఒకరి కింద ఒకరు లేరు. అయినా అందరూ ఒక సంఘంగా కలిసి పుస్తకాలు, పత్రికలు, కబుర్లు ఒకరికొకరు అందించుకున్నారు. 1935లో పాతూరి నాగభూషణం గారు కృష్ణకు ఆ వైపున, కాలువ మీద పడవలో పుస్తకాలు పెట్టి పల్లెపల్లెకూ తిప్పారు. పాఠకుడు పుస్తకం దగ్గరికి రాలేకపోతే పుస్తకాన్నే పాఠకుడి రేవుకు తెచ్చారు. పక్కనున్న బందరులో 1902లో మొదలైన కృష్ణాపత్రికను ముట్నూరి కృష్ణారావు గారు 1907 నుంచి 1945 దాకా నడిపారు. చదువురానివాళ్ళకు చదువొచ్చినవాళ్ళు అరుగుల మీద కూర్చుని పత్రికలు చదివి వినిపించిన కాలం అది. చెయ్యి చెయ్యి మారుతూనే అక్షరం ఊళ్ళు దాటింది. సర్కారు ఆజ్ఞ లేదు, కంపెనీ పెట్టుబడి లేదు.

అంత వెనక్కి కూడా వెళ్ళనక్కర్లేదు. పొద్దు పొడవకముందే చీపురు పట్టుకుని రోడ్డు మీదికి వచ్చే అలవాటు 2014 నవంబరు నుంచి చల్లపల్లికి ఉంది. స్వచ్ఛ చల్లపల్లి కార్యకర్తలు ఎవరో వచ్చి ఊడుస్తారని ఎదురుచూడలేదు. రోజూ కొంచెం, మానకుండా, పదిమంది కలిసి చేస్తే ఊరు మారుతుందని మన కళ్ళెదుటే చూపించారు. మేం అడుగుతున్న పని అందులో పదోవంతు కూడా కష్టం కాదు.

వారానికి ఒక్క పెద్ద రచన చదవండి. పూర్తిగా చదవండి. నచ్చితే దాని లింకు పెట్టి, అది దేని గురించో, మీకు ఎందుకు నచ్చిందో మీ సొంత మాటల్లో రెండు వాక్యాలు రాయండి. ‘అద్భుతం’, ‘తప్పక చదవండి’ అన్న మాటలకు ఎవరూ కదలరు. ‘మా నాన్న చేసిన కౌలు సేద్యం కళ్ళకు కట్టింది’ అంటే కదులుతారు. మాస్టొడాన్‌లో ఒక పోస్టుకు మామూలుగా 500 అక్షరాలు, బ్లూస్కైలో 300 పడతాయి, రెండు వాక్యాలకు అది చాలు. చాలాచోట్ల వ్యాసం శీర్షిక, లింకు మాత్రమే కనిపిస్తాయి కాబట్టి, లోపల ఏముందో చెప్పే ఆ రెండు వాక్యాలే పాఠకుడిని గుమ్మం దాటించేది.

ఆ పోస్టుకు #తెలుగువ్యాసం, #తెలుగుకథ లాంటి హ్యాష్‌ట్యాగు తెలుగు లిపిలోనే, మధ్యలో ఖాళీ వదలకుండా పెట్టండి. మాస్టొడాన్‌లో మనిషిని అనుసరించినట్టే హ్యాష్‌ట్యాగునూ అనుసరించవచ్చు. 2022 చివర్లో వచ్చిన నాలుగో వెర్షన్ నుంచి ఈ వీలుంది. అందరం ఒకే ట్యాగు వాడితే అదే మన కొత్త కూడలి. పోస్టు రాసేటప్పుడు భాష దగ్గర ‘తెలుగు’ ఎంచుకోండి. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది కానీ, తెలుగు పోస్టులు మాత్రమే కావాలని పెట్టుకున్నవాళ్ళకు, ఇంగ్లీషు అని గుర్తు పడ్డ తెలుగు పోస్టు కనపడనే కనపడదు.

ఇంకొకటి. మాస్టొడాన్‌లో నక్షత్రం గుర్తు నొక్కి ఊరుకోకండి. ఫేస్‌బుక్కులో లైకు అలవాటు మనకు ఎముకల్లో ఇంకిపోయింది. ఇక్కడ నక్షత్రం నొక్కితే మీకు నచ్చిందని రచయితకు తెలుస్తుంది, అంతవరకే. బూస్ట్ నొక్కితేనే మిమ్మల్ని అనుసరించేవాళ్ళకు ఆ రచన చేరుతుంది.

వాట్సాప్ గురించి గట్టిగా చెప్పాలి. రచయిత పేరు కోసేసి, వ్యాసం మొత్తం కాపీ చేసి గ్రూపుల్లోకి తోయడం మన దగ్గర మామూలైపోయింది. నాలుగు చేతులు మారేసరికి కింద ఇంకెవరి పేరో చేరుతుంది. నెలల తరబడి శ్రమపడి రాసిన మనిషికి ఇది అన్యాయం. ఆ మనిషి రాసిన మిగతా వ్యాసాలు మనకు ఎప్పటికీ దొరక్కుండా చేస్తుంది కూడా. కాపీ ఆపేద్దాం. పేరుతో సహా లింకు పంపుదాం. గ్రూపులో వచ్చిన పేరులేని వ్యాసానికి ‘ఇది ఎవరు రాశారు?’ అని అడిగే మనిషి ప్రతి గ్రూపులో ఒకరుండాలి.

రాసేవాళ్ళకు కూడా ఒక మాట. మీ వ్యాసం ఇల్లు మీ సొంత సైటులోనే ఉండాలి. మాస్టొడాన్‌లో ఒక సర్వరు నుంచి ఇంకో సర్వరుకు ఖాతా మార్చుకుంటే మిమ్మల్ని అనుసరించేవాళ్ళు వెంట వస్తారు గానీ పాత పోస్టులు రావు. కాబట్టి సోషల్ నెట్‌వర్కును దండోరాకు వాడండి, దాచుకోవడానికి వాడకండి. మీ ఖాతా సెట్టింగుల్లో, మీ పోస్టులు వెతుకులాటలో కనపడడానికి అనుమతి ఇచ్చారో లేదో చూసుకోండి. 2023 నుంచి మాటలతో వెతికే వసతి వచ్చింది కానీ రాసినవాళ్ళు ఒప్పుకుంటేనే వాళ్ళ పోస్టులు అందులో దొరుకుతాయి. ఆ ఒక్క గడి టిక్కు పెట్టకపోతే ఆ వెతుకులాటలో కనపడకుండా పోతారు. 2024 నుంచి మాస్టొడాన్‌లో వ్యాసం లింకు కింద రచయిత ఖాతా పేరు కూడా చూపించే ఏర్పాటు ఉంది. దానికి కావలసిన ఒక్క వరుస కోడును మీ సైటు బాగోగులు చూసుకునేవాళ్ళ చేత చేర్పించుకోండి.

మన ప్రాంతంలో రాయాల్సినవి కొండంత ఉన్నాయి. 1977 నవంబరు 19న ఉప్పెన దివిసీమలో వేలమందిని మింగింది. ఆనాటి పదేళ్ళ పిల్లలు ఇప్పుడు అరవైకి దగ్గరపడ్డారు. చెట్టు కొమ్మ పట్టుకుని తెల్లవార్లూ బతికినవాళ్ళు, శవాలను మోసినవాళ్ళు ఇంకా మన మధ్య ఉన్నారు. చల్లపల్లి జమీందారీ మీద జరిగిన భూపోరాటాలను తాతల నోట విన్నవాళ్ళున్నారు. మొవ్వ క్షేత్రయ్య, కూచిపూడి భాగవతులు, ఘంటసాల బౌద్ధ స్తూపం, శ్రీకాకుళం ఆంధ్రమహావిష్ణువు గుడి, ఒక్కోదానికీ ఒక పెద్ద వ్యాసం బాకీ ఉంది. ఏడాదికి ఒకసారి నవంబరులో రెండు వరుసల పోస్టు పెట్టి దండం గుర్తులు కొడితే ఉప్పెన కథ తర్వాతి తరానికి చేరదు. పెద్దవాళ్ళ దగ్గర కూర్చోండి, వాళ్ళ అనుమతితో రాయండి. నాలుగు వేల మాటలైనా ఫర్వాలేదు. చదివించే బాధ్యత మేం తీసుకుంటాం.

కాలేజీ పిల్లలకు ప్రత్యేకంగా ఒక పని. బ్లూస్కైలో తెలుగు పెద్ద రచనలకే ఒక ఫీడు తయారుచేయండి. ప్రోగ్రామింగు కొంచెం వచ్చినవాళ్ళు దీన్ని చేయగలరు. ఏ ట్యాగు ఉంటే తీసుకోవాలి, ఏ సైటు లింకు ఉంటే తీసుకోవాలి అన్న నియమాలు పెద్దవాళ్ళతో కూర్చుని రాసుకోండి. ప్రపంచంలో ఎక్కడున్న తెలుగువాడైనా మీ ఫీడు పెట్టుకుని చదువుకుంటాడు. టెక్సాస్‌లో ఉన్న అవనిగడ్డ మనిషి కూడా.

గ్రంథాలయాలను కూడా కదిలిద్దాం. 1960 నాటి గ్రంథాలయాల చట్టం కింద మనం కట్టే ఇంటిపన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ పన్ను. శాఖా గ్రంథాలయం మన డబ్బుతో నడుస్తోంది. ఈ వారం చదవదగిన తెలుగు రచన శీర్షిక, రచయిత పేరు, ఫోనుతో స్కాన్ చేసే క్యూఆర్ కోడు నోటీసు బోర్డు మీద అతికించనివ్వమని అడుగుదాం. పేపరు చదవడానికి రోజూ వచ్చే పెద్దవాళ్ళ కోసం, చిన్న అక్షరాలు కనపడనివాళ్ళ కోసం, దాన్ని పెద్ద అక్షరాల్లో ప్రింటు తీసి బల్ల మీద పెట్టాలి, రచయిత ఒప్పుకున్న తర్వాతే. వారానికి ఒకసారి ఎవరైనా పైకి చదివి వినిపిస్తే ఇంకా మంచిది.

‘ఇప్పటికే నాలుగు యాప్‌లున్నాయి, ఐదోది ఎందుకు?’ అంటారు కొందరు. న్యాయమైన ప్రశ్నే. మీరు ఏదీ తీసేయనక్కర్లేదు. బంధువుల పెళ్ళి ఫొటోలు ఫేస్‌బుక్కులోనే చూసుకోండి. చదువుకోవడానికి మాత్రం రోజుకు పావుగంట ఇటు రండి. ‘అక్కడ తెలుగువాళ్ళు ఎవరూ లేరు’ అంటారు ఇంకొందరు. తక్కువే ఉన్నారు, నిజం. అందుకే ఒక్కొక్క మనిషి చేసే పనికి అక్కడ విలువ ఎక్కువ. లక్షల మంది గోలలో మీ బూస్టు కలిసిపోతుంది. యాభైమంది మాత్రమే ఉన్నచోట, మీరు చూపించిన వ్యాసాన్ని ఆ యాభైమందీ చూస్తారు.

అమ్మలూ, అక్కలూ, మీరు ముఖ్యంగా రావాలి. మధ్యాహ్నం పనులయ్యాక వారపత్రికల్లో సీరియల్ చదివి, దాని గురించి పక్కింటివాళ్ళతో మాట్లాడి, సంచికలు ఇచ్చిపుచ్చుకుని తెలుగు నవలను బతికించింది మీ తరాలే. ఏ రచన ఎవరికి నచ్చుతుందో మీకు తెలిసినంతగా ఏ కంప్యూటరుకూ తెలియదు.

ప్రతి ఆదివారం సాయంత్రం ఈ కాగితం పంచుతున్న వాళ్ళం కలుసుకుని, వచ్చినవాళ్ళందరికీ ఖాతా తెరవడం, తెలుగు కీబోర్డు పెట్టుకోవడం, రచయితలను అనుసరించడం దగ్గరుండి నేర్పిస్తాం. డబ్బులేమీ తీసుకోం. కాగితం అందించిన వాళ్ళనే చోటు అడగండి, వెంటబెట్టుకుని తీసుకొస్తారు. ఫోను తెచ్చుకోండి. పాస్‌వర్డు రాసుకోవడానికి చిన్న పుస్తకం తెచ్చుకోండి. ఈ మధ్య మీరు చదివిన మంచి తెలుగు రచన ఏదైనా ఉంటే దాని పేరు తప్పకుండా తెండి, మొదటి వారం దాంతోనే మొదలుపెడదాం.

ఈ కాగితాన్ని పారేయకుండా, చదివాక ఇంకొకరికి ఇవ్వండి.

ఇట్లు
చల్లపల్లి పాఠకులు కొందరు